మెరీనా లీజుకు తీసుకోమంటున్నారు: మూరింగులు, అమ్మకాలు, పడవల తయారీ... మూడూ మోయగలనా?

కాలువగట్టు
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది ఆత్రేయపురం పక్కన పల్లెటూరు. లొల్ల లాకుల దగ్గర ఈత నేర్చుకుని పెరిగినవాణ్ణి. ఇంగ్లండ్ వచ్చి పదిహేనేళ్లయింది. నార్తాంప్టన్‌షైర్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ పక్కనున్న ఒక మెరీనాలో వెల్డర్‌గా చేరాను. ఇప్పుడు వర్క్‌షాపు బాధ్యతంతా నాదే. మా ఓనరుకి డెబ్బై దాటాయి. పిల్లలు ఈ పనిలోకి రామన్నారు. పోయిన వారం నన్ను కూర్చోబెట్టి, "పదేళ్లకి లీజు రాసిస్తాను, నువ్వు నడుపు" అన్నారు. మూడు రోజుల నుంచి నిద్ర లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నారోబోటు అంటే ఏడడుగుల లోపు వెడల్పు, డెబ్బై రెండు అడుగుల దాకా పొడవు ఉండే ఉక్కు పడవ. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే కాలువల ఇంజనీరు లాకుల్ని (పడవని ఎత్తు నీటి నుంచి పల్లపు నీటికి దించే తలుపుల గదులు) ఆ కొలతకు కట్టించాడు, పడవ ఇప్పటికీ ఆ కొలతలోనే ఉండిపోయింది. అప్పట్లో బొగ్గు, మట్టి పాత్రలు మోసేవి. ఇప్పుడు జనం సెలవులకి తిరుగుతారు, చాలామంది అందులోనే కాపురం ఉంటారు. మెరీనా అంటే కాలువ పక్కన పొలంలో తవ్విన చెరువు లాంటిది. వరసగా జెట్టీలు, ప్రతి పడవకీ కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసుకునే ఏర్పాటు ఉంటాయి. పడవ కట్టుకుని ఉంచే జాగాని మూరింగు అంటారు.

మా దగ్గర 110 మూరింగులున్నాయి. ఇప్పుడు 94 నిండాయి. సగటున పడవకి ఏడాదికి 3,200 పౌండ్లు. అది కాక పడవల అమ్మకాలు, పాతవాటికి తారు పూయడం, వెల్డింగు పనులు, ఏడాదికి రెండు మూడు కొత్త పడవల తయారీ.

నా మనసంతా తయారీ మీదే ఉంది. పది మిల్లీమీటర్ల ఉక్కు రేకు నేలమీద పరిచి, అది పడవై నీళ్లలోకి దిగేదాకా చేతులతో చేయడం కన్నా నాకు ఇష్టమైన పని ఇంకోటి లేదు. ఇంటావిడ మాత్రం మూడూ ఒక్కడివే ఎలా చూస్తావని అడుగుతోంది. ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లు, పడవల్లో ఉండేవాళ్లు ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి.


లెస్టర్‌పద్దులు
శనివారం రాత్రి 11:15

నమస్తే అండీ. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. మెరీనాల పద్దులు రెండు చూశాను. ముందు ఒక ప్రశ్న. ఆ 3,200 పౌండ్లు వ్యాట్‌తో కలిపా, వ్యాట్ లేకుండానా? ఈ ఒక్క జవాబుతో లెక్క అంతా మారిపోతుంది.

రెండోది, మీ మెరీనా ఎప్పుడు తవ్వారు? కాలువ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్‌ది. 2012లో ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ వాటర్‌వేస్ చేతిలోంచి వాళ్లకి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 2,000 మైళ్ల జలమార్గాలు వాళ్ల కింద ఉన్నాయి. కొత్త మెరీనా నీళ్లు కాలువతో కలవాలంటే వాళ్లతో ఒప్పందం ఉండాలి. సాధారణంగా మూరింగు ఆదాయంలో 9 శాతం కట్టాలి. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే, ఆ 9 శాతం మీకు వచ్చిన డబ్బు మీద కాదు, అన్ని జాగాలూ నిండితే రావాల్సిన డబ్బు మీద. ఖాళీ జాగాకి కూడా మీరు కడుతూనే ఉంటారు.

మూడోది పూడిక. చెరువులో ఏటా బురద పేరుకుంటుంది. నారోబోటుకి రెండు, రెండున్నర అడుగుల లోతు నీళ్లు కావాలి. పదేళ్లలో ఒక్కసారైనా పూడిక తీయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది? లీజులో "మరమ్మతులన్నీ లీజుదారువే" అని ఒక్క ముక్క ఉంటే జెట్టీలు, గట్టు రేకులు (గట్టు జారకుండా దిగేసినవి), పూడిక అన్నీ మీ నెత్తి మీదే. అది చూడకుండా మాట ఇవ్వకండి.


కాలువగట్టు
ఆదివారం ఉదయం 7:05

పద్దులు గారూ, ధన్యవాదాలు. వ్యాట్‌తో కలిపే 3,200. ఒప్పందం 9 శాతానిదే, మెరీనా కొత్తదే. పూడిక సంగతి నాకు తట్టనే లేదు. దక్షిణం వైపు జెట్టీ దగ్గర చలికాలంలో రెండు పడవలు అడుగు తగులుతున్నాయి. రోజూ చూస్తూనే ఉన్నాను. దాన్ని ఖర్చుగా ఎప్పుడూ ఆలోచించలేదు.


లెస్టర్‌పద్దులు
ఆదివారం ఉదయం 8:30

అయితే వ్యాట్ తీసేస్తే చేతికొచ్చేది పడవకి 2,667 పౌండ్లు. 94 పడవలకి సుమారు 2,50,000. ట్రస్ట్‌కి మాత్రం 110 జాగాల లెక్కన 26,400 దాకా కట్టాలి. ఖాళీగా ఉన్న 16 జాగాల వాటాయే అందులో 3,800 పైచిలుకు. లీజు అద్దె, బిజినెస్ రేట్లు (వ్యాపార స్థలం మీద పన్ను), ఇన్సూరెన్సు, ఇద్దరి జీతాలు తీసేశాక ఎంత మిగులుతుందో వేసుకోండి.

కరెంటు మీద లాభం వస్తుందని ఆశ పెట్టుకోకండి. గృహావసరానికి తిరిగి అమ్మే కరెంటుని కొన్న రేటుకే ఇవ్వాలి.

నా మాట: ఈ వ్యాపారంలో మూరింగు అద్దె అన్నం, అమ్మకాలు కూర, తయారీ పండగ పిండివంట. అన్నం సరిపోతుందో లేదో ముందు చూసుకోండి.


తేలేఇల్లు
ఆదివారం ఉదయం 11:20

అన్నా, నమస్తే. మాది హనుమకొండ. నాలుగేండ్ల సంది 57 అడుగుల పడవల ఉంటున్న. పగలు సాఫ్ట్‌వేర్ పని, పొద్దుమీకినంక పొయ్యిల బొగ్గు ఏసుకునుడు. నీకు తయారీ మీద ఎంత ప్రాణమున్నదో నీ పోస్టు చదివితేనే అర్థమైతున్నది. అందుకే నాకు జరిగింది చెప్తున్న.

ఇప్పుడున్నది పాత పడవ. దానికన్నా ముందు కొత్తది కట్టించుకుందామని ఒకాయనకు 12,000 పౌండ్లు అడ్వాన్సు ఇచ్చిన. పేరు చెప్ప. అడుగు రేకు పరిచిండు, ఫొటో పంపిండు, రెండో విడత అడిగిండు, అదీ ఇచ్చిన. మూడో నెల ఫోను ఎత్తుడు బందైంది. పోయి చూస్తే షెడ్డుకు తాళం. అద్దంలకెల్లి తొంగి చూసిన. లోపల మూడు పడవలు సగం సగం నిలవడి ఉన్నయి. ఏది ఎవరిదో ఏ రేకు మీద రాసి లేదు. తర్వాత లెక్కలు తేల్చెటందుకు వచ్చినోళ్లు అంతా కంపెనీ ఆస్తే అన్నరు. నా దగ్గర బ్యాంకు రసీదులు తప్ప ఆ ఉక్కు నాదని చెప్పే కాయితం ఒక్కటి లేదు. ఏడాదంతా కూడబెట్టిన పైసలు అట్లనే పోయినయి.

బ్రిటిష్ మెరీన్ అనే పడవల వ్యాపారుల సంఘం వాళ్లది ఒప్పందం నమూనా ఒకటి ఉన్నది. విడత కట్టినప్పుడల్లా కట్టిన మేరకు పడవ, దానికోసం తెచ్చిన సామాను కొన్నోళ్లది అయితదని అండ్ల ఉంటది. అది నాకు మునిగినంక తెలిసింది. నువ్వు పడవలు కడితే ఆ ఒప్పందం లేకుండ ఎవరి దగ్గర ఒక్క పౌండు తీసుకోకు. ఒకల పైసలతోని ఇంకొకల పడవకు ఉక్కు కొనకు. ఆయన మోసగాడని నేను ఇప్పటికీ అనుకోను. పని మస్తు మంచిగ చేసేటోడు. నా పైసలతోని ముందటి పడవ పూర్తి చేసిండు, నా పడవకు వెనుకటోని పైసలు రావాలె, అవి రాలే.

ఇంకొక మాట, మూరింగుల గురించి. మా అసొంటోళ్లు ఊరికే పడవ కట్టేసుకొని పోయేటోళ్లు కాదు, అది మా ఇల్లు. ఇంట్ల కిరాయికుంటే చట్టం కొంత అండగుంటది. పడవల ఉండేటోళ్లకు ఆ అండ లేదు. ఒప్పందం అయిపోయినంక పొమ్మంటే పోవాల్సిందే. అందుకే మెరీనా నడిపే మనిషి ఎసొంటోడన్నది మాకు పెద్ద సంగతి.


కాలువగట్టు
ఆదివారం మధ్యాహ్నం 1:10

చెల్లెమ్మా, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ఇప్పుడు మా షెడ్డులో ఉన్న కొత్త పడవ లెక్క కూడా అలాంటిదే. ఓనరుగారు చాలా నిజాయితీపరులు, ఇప్పటిదాకా ఎవరికీ నష్టం రాలేదు. కానీ రాబోయే పడవ అడ్వాన్సుతోనే ఇప్పటి ఉక్కు వస్తోంది. అది ఇంతవరకూ నాకు తప్పుగా కనపడలేదు.


విశాఖసర్వేయర్
ఆదివారం సాయంత్రం 4:45

నేను హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కొన్నాళ్లు పనిచేసి ఇక్కడికొచ్చాను. ఇప్పుడు నారోబోట్లకి సర్వే చేస్తున్నాను. తయారీ, అమ్మకం రెండింటి మీదా నాలుగు మాటలు.

ఈ రోజుల్లో మామూలు కొలత 10, 6, 4. అడుగు పది మిల్లీమీటర్లు, పక్కలు ఆరు, కేబిన్ నాలుగు. పాతవాటిలో ఇంకా పల్చటివి ఉంటాయి. పోయిన నెల అలాంటి పాత పడవ ఒకటి చూశాను. బయటికి నిగనిగలాడుతోంది, పక్కల మీద గులాబీలు, కోటల బొమ్మలు కొత్తగా వేయించారు. క్రేన్‌తో పైకెత్తించి, అడుగున తారుని నాణెమంత మేర గీకి, అల్ట్రాసౌండ్ మీటరు పెట్టాను. 5.8, 5.6, 5.7. ముచ్చటేసింది. వెనక భాగంలో నీటిగీత దగ్గరకి వచ్చేసరికి సుత్తి చప్పుడు మారింది. అప్పటిదాకా ఖణేల్‌మన్నది, అక్కడ మొద్దుగా పలికింది. గీకి చూస్తే వేలిగోరు దిగేంత గుంటలు. 3.4, 3.1. చాలా ఇన్సూరెన్సు కంపెనీలు 4 కంటే తగ్గితే పూర్తి బీమాకి ఒప్పుకోవు. ఆ పడవ పదకొండేళ్లుగా ఒకే మెరీనాలో కరెంటుకి తగిలించి ఉందని తర్వాత తెలిసింది.

మెరీనా నడిపేవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. పడవలన్నీ ఒడ్డు కరెంటుకి తగిలించినప్పుడు ఎర్తు తీగ ద్వారా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మధ్యలో నీళ్లు. అదొక పెద్ద బ్యాటరీ అవుతుంది. గాల్వానిక్ ఐసోలేటరు (ఎర్తు తీగలో ఆ చిన్న కరెంటుని ఆపే పరికరం) లేని పడవ పక్కవాళ్ల కోసం తన ఉక్కు ధారపోస్తుంది. మంచినీటిలో మెగ్నీషియం ఆనోడ్లు వేస్తాం, అవి ముందు కరిగి ఉక్కుని కాపాడతాయి. అవీ అయిపోతే ఉక్కే కరుగుతుంది. కాలువగట్టు గారూ, లీజు తీసుకుంటే కరెంటు కావాలన్న ప్రతి పడవకీ ఐసోలేటరు ఉందో లేదో చూశాకే తీగ ఇవ్వండి. మొదట్లో గొడవ పడతారు, పడనివ్వండి.

సన్నబడ్డ చోట పైన ఇంకో రేకు వేసి వెల్డు చేస్తారు. అది తప్పు పని కాదు. చేశామని అమ్మేటప్పుడు చెప్పాలి. లోపలివైపు గోడలకి చలి ఆపే నురుగు (ఫోమ్) కొట్టి ఉంటే వెల్డింగు వేడికి అది అంటుకుంటుంది, విషపు పొగ వస్తుంది. లోపల నీళ్ల బకెట్టుతో ఒక మనిషిని నిలబెట్టకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.


నర్సాపురంసరంగు
ఆదివారం రాత్రి 8:20 (నర్సాపురంలో అర్ధరాత్రి దాటాక)

అబ్బాయీ, నేను ఇంగ్లీషు కాలువల గురించి చెప్పగలిగినవాణ్ణి కాను. మా నాన్నగారు గూటి పడవ మీద సరంగు. నేను పదేళ్లవాణ్ణప్పుడు ఆయనతో తిరిగాను. ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని నర్సాపురం కాలువలో పైకి పోయేవాళ్లం. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద ఇద్దరు తాడు భుజాన వేసుకుని లాగేవారు, నేను చుక్కాని దగ్గర కూర్చునేవాణ్ణి. లాకు దగ్గరికొచ్చేసరికి పొద్దుగూకితే తెల్లారేదాకా అక్కడే. పడవలన్నీ బారులు తీరి, ఒకదాని పొయ్యి మీద చేపల పులుసు, ఇంకోదాని మీద అన్నం. లస్కరు వచ్చి తలుపులు తీసేదాకా కబుర్లే.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాడు. ఆ కాలువలు పొలాలకి నీళ్ల కోసమే తవ్వాడని ఇప్పటివాళ్లు అనుకుంటారు. కాదు, పడవలు తిరగాలని కూడా. రైలు కన్నా కాలువే చవక అని ఆయన జీవితమంతా వాదించాడు. మన లాకు అన్న మాటా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే కదా. రోడ్లు పడ్డాయి, ధాన్యం లారీలెక్కింది, మా నాన్నగారి పడవ రేవులో బోర్లా పడి పుచ్చిపోయింది. లాకులు మిగిలాయి, పడవలు పోయాయి.

అక్కడ పడవలు బతికే ఉన్నాయని నువ్వు రాస్తుంటే చదివి చదివి కళ్లు చెమర్చాయి. మా అబ్బాయి కోవెంట్రీలో ఉంటాడు. ఒక్కటి అడుగుతాను. అక్కడ సరుకు పోయాక కాలువలు ఎలా నిలబడ్డాయి?


కాలువగట్టు
ఆదివారం రాత్రి 9:50

బాబాయి గారూ, ఇక్కడా చచ్చిపోబోయాయి. రైళ్లొచ్చాయి, తర్వాత లారీలొచ్చాయి. చాలా కాలువలు పూడ్చేశారు కూడా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొందరు సంఘంగా ఏర్పడి, వద్దు, వీటిని జనం తిరగడానికి ఉంచండని పట్టుబట్టారు. వేలమంది ఊరికే వచ్చి బురద ఎత్తి, లాకు తలుపులు బాగుచేసి పాత కాలువల్ని మళ్లీ తెరిచారు. ఇప్పటికీ శని, ఆదివారాల్లో అలా వచ్చేవాళ్లున్నారు.

ఇక్కడ తాడు గుర్రాలు లాగేవి. మా దగ్గర పాత వంతెనల మూలల్లో తాడు రాపిడికి పడ్డ గాడులున్నాయి. నా చూపుడువేలు అందులో పట్టేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చెయ్యి తీయబుద్ధి కాలేదు.


బర్మింగ్‌హాంబాబి
సోమవారం మధ్యాహ్నం 12:30

అన్నా, అక్కా, మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరాను. ఇంటద్దెకి జీతంలో సగం పోతోంది. పడవ కొనుక్కుని కాలువ మీద ఉంటే డబ్బు మిగులుతుందని ఆఫీసులో అంటున్నారు. మెరీనాలో పెట్టకుండా తిరుగుతూ ఉంటే మూరింగు ఖర్చు కూడా ఉండదట కదా?


తేలేఇల్లు
సోమవారం సాయంత్రం 6:15

తమ్మీ, మిగులుతయని పడవ కొనకు. పడవంటే ఇష్టముంటేనే కొను.

మూరింగు లేకుంట తిరగొచ్చు, నిజమే. 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒక్క తావుల 14 రోజుల కన్నా ఎక్కువ ఉండొద్దు, నిజంగనే తిరుగుతున్నట్టు ఉండాలె. నీ ఆఫీసు బర్మింగ్‌హాంల ఉంటే ప్రతి రెండు వారాలకు ఎటు జరుగుతవో ముందే ఆలోచించుకో. ఇంకొకటి, 2024 ఏప్రిల్ సంది మూరింగు లేనోళ్లకు ట్రస్ట్‌కు కట్టే పడవ లైసెన్సు మీద అదనంగ వేస్తున్నరు. అది ఏటా పెరుగుతది.

లైసెన్సుకు ఇన్సూరెన్సు కావాలె, బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలె. ఆ సర్టిఫికెట్ నాలుగేండ్లకొకసారి. 2019 సంది కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడ తప్పనిసరి. పొయ్యి పక్కన పండుకునే బతుకు కాబట్టి చట్టం చెప్పకున్నా పెట్టుకోవాలె. రెండు మూడేండ్లకోసారి పడవను పైకి తీసి అడుగుకు తారు పూయించాలె. డీజిల్ కొన్నప్పుడు ఇంజనుకెంత, ఇంటి వేడికెంత అని చెప్పి సంతకం పెట్టాలె, శానమంది ఇంజనుకు 60 శాతం, వేడికి 40 శాతం అని రాస్తరు.

ఇంకొకటి, పడవ కొంటే లైసెన్సు దానితో రాదు, కొత్తగ తీసుకోవాలె. మూరింగు కూడ అంతే. అమ్మినాయనకు జాగ ఉన్నదని నీకు వస్తదనుకోకు, మెరీనా వాళ్లని అడిగి రాయించుకో. చలికాలం ఒక వారం ఎవలన్న పడవల ఉండి చూసి, అప్పుడు ఆలోచన చెయ్యి.


కాలువగట్టు
మంగళవారం ఉదయం 6:40

నిన్న జరిగింది చెప్పాలి. మూరింగు అద్దె అంటే కూర్చుని తినే డబ్బు అని చాలామంది అనుకుంటారు, అందుకు.

పొద్దున్నే ఆరింటికి జెట్టీల వెంట ఒక చుట్టు తిరిగి రావడం నా అలవాటు. రాత్రి మంచు కురిసింది, నీళ్ల మీద ఆవిరి. మూడో జెట్టీ చివర పడవ వెనక భాగం రోజూ ఉండే చోటు కంటే నాలుగు వేళ్లు కిందకి ఉంది. మొదట తాడు బిగుసుకుందేమో అనుకున్నాను. వంగి చూస్తే నీళ్లు బయటికిపోయే గొట్టం రంధ్రం నీటి అంచుకి అంగుళం పైన ఉంది. అది మునిగితే ఇక లోపలికి ధారే. ఓనరు మాంచెస్టర్‌లో ఉంటాడు. ఇంజను గది తలుపు తెరిస్తే లోపల మోకాలిలోతు నీళ్లు, పైన డీజిల్ తెట్టు.

కారణం ఏంటంటే, ప్రొపెల్లరు కడ్డీ బయటికి పోయే చోట గ్రీజు బిగించే గ్లాండు ఉంటుంది. అక్కడ బొట్టు బొట్టుగా నీళ్లు కారడం మామూలే. పోయిన వారం వచ్చి తిరిగివెళ్లేటప్పుడు ఆయన గ్రీజు తిప్పడం మర్చిపోయాడు. బొట్టు కాస్తా ధారయింది. నీళ్లు తోడే చిన్న పంపు ఆటోమేటిక్‌గా పనిచేసింది. పనిచేసి పనిచేసి బ్యాటరీ అయిపోయింది. కరెంటు తీగ తగిలించి ఉంది కానీ బోల్లార్డు (జెట్టీ మీద కరెంటు ఇచ్చే స్తంభం) దగ్గర ముందుగా కట్టిన డబ్బు అయిపోయి సరఫరా ఆగింది. ఇవన్నీ ఒకే వారంలో కలిశాయి.

పంపు తెచ్చి తోడాను. గ్లాండు బిగిస్తే ధార ఆగింది. పైన తేలిన డీజిల్ చెరువులోకి పోకుండా పీల్చే గుడ్డలు వేసి తీశాను. ఎనిమిదింటికి ఫోను చేస్తే ఆయన మాట్లాడలేకపోయాడు. ఆ పడవలో వాళ్లావిడ వస్తువులున్నాయట, ఆవిడ పోయిన ఏడాది చనిపోయారు.

పద్దులు గారు చెప్పిన 2,667 పౌండ్లలో ఈ పొద్దున్న ఆరింటి నడక కూడా ఉంది. అది రాసి ఇవ్వలేం, బిల్లు వేయలేం. లీజు తీసుకున్నాక నేను రోజంతా షెడ్డులో మాస్కు పెట్టుకుని వెల్డింగులో మునిగిపోతే ఎవరు నడుస్తారు? నిన్నటి నుంచి ఆ ప్రశ్నే తిరుగుతోంది.


లెస్టర్‌పద్దులు
మంగళవారం సాయంత్రం 7:30

మీ ప్రశ్నకి జవాబు మీరే రాసుకున్నట్టున్నారు. అయినా అమ్మకాల గురించి చెప్పి ఆపుతాను.

అమ్మకం రెండు రకాలు. మీరే పడవ కొని, బాగుచేసి అమ్మడం ఒకటి. అందులో డబ్బు ఇరుక్కుపోతుంది, ఏవైనా లోపాలుంటే కొన్నవాళ్లకి మీరే జవాబుదారీ. రెండోది బ్రోకరేజి. పడవ యజమానిదే, మీరు చూపించి, బేరం కుదిర్చి కమీషన్ తీసుకుంటారు. నాకు రెండోదే నచ్చుతుంది. కాకపోతే కొనేవాళ్ల డబ్బు వ్యాపారం ఖాతాలోకి అడుగుపెట్టకూడదు, దానికి విడిగా క్లయింట్ ఖాతా ఉండాలి. చెల్లెలు తేలేఇల్లు గారికి జరిగింది చదివాక ఇది ఇంకా గట్టిగా చెబుతున్నాను.

కాలువ పడవకి ఇల్లు, పొలం లాగా తప్పనిసరి హక్కుల రిజిస్టరు లేదు. ట్రస్ట్ దగ్గరున్న నంబరు లైసెన్సు కోసమే, యాజమాన్యానికి రుజువు కాదు. కట్టినవాళ్ల అసలు బిల్లు, ఆ తర్వాత చేతులు మారిన ప్రతిసారీ రసీదు, అప్పు లేదన్న కాగితం, ఇవన్నీ గొలుసు తెగకుండా ఉన్నాయో లేదో చూశాకే బోర్డు పెట్టండి.

అమ్మకానికి కట్టిన పడవలు మూరింగు జాగాల్నే తింటాయి. వాటి అద్దె ఎవరిదో ముందే రాసుకోండి. మరోవైపు, మీ దగ్గర కొన్నవాళ్లకి వెంటనే జాగా కావాలి, ఆ 16 ఖాళీలు నిండే దారి అదే.


విశాఖసర్వేయర్
మంగళవారం రాత్రి 10:05

నేను మాత్రం తయారీ మొత్తం మానేయమనను. పడవకి మంచి ఒళ్లు (హల్) కట్టగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. వెనకభాగం నీటికింద సన్నబడే వంపుని చూస్తే చేసినవాడెవరో తెలుస్తుంది. ఆ వంపు పొడవుగా, నిదానంగా ఉంటే ప్రొపెల్లరుకి నీళ్లు చక్కగా అందుతాయి, పడవ అల లేపకుండా పోతుంది, చుక్కాని మాట వింటుంది. తొందరపడి పొట్టిగా కోసేస్తే ఆ పడవ బతికినన్నాళ్లూ నీళ్లని తన్నుకుంటూనే పోతుంది. వెల్డింగు వేడికి పక్కరేకులు అలలు తేలకుండా అటొక ముక్క, ఇటొక ముక్క వెల్డు చేస్తూ పోవాలి. గంటకి లెక్క కట్టే షెడ్డులో అది కుదరదు.

కట్టండి. మీ సొంత డబ్బుతో ఒక్కటి కట్టండి. పూర్తయ్యాక అమ్మండి. ఒకరి అడ్వాన్సు మీద ఆధారపడనప్పుడు తొందరా ఉండదు, ఆ వంపూ చెడదు.

ఇంకో మాట. 2025 వేసవి గుర్తుంది కదా. ఉత్తరాన మాక్లెస్‌ఫీల్డ్, పీక్ ఫారెస్ట్, లీడ్స్-లివర్‌పూల్ కాలువల్లో నీళ్లు లేక లాకులు మూసేశారు. పడవలు కదలకపోతే మీ తారు పని, క్రేన్ పని ఆగిపోతాయి, అమ్మకాలు ఆగిపోతాయి. అప్పుడు నిలబెట్టేది కట్టేసి ఉన్న పడవలే.


కాలువగట్టు
శుక్రవారం రాత్రి 10:30

అందరికీ దణ్ణాలు. నిన్న ఓనరుగారితో మూడు గంటలు కూర్చున్నాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను.

పూడిక, గట్టు రేకులు ఆయనవే అని ఒప్పుకున్నారు. జెట్టీ పలకలు, కరెంటు బోల్లార్డులు నావి. దక్షిణం వైపు పూడిక నేను తాళాలు తీసుకునేలోపే తీయిస్తామన్నారు. ఇప్పుడు షెడ్డులో ఉన్న పడవ ఆయన పేరు మీదే పూర్తవుతుంది. దాని తర్వాత ఉన్న ఇద్దరి అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేయమని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇస్తానన్నారు. అది విని నా గుండె తేలికపడింది, ఆయన ముఖం మాత్రం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్లుగా పడవలు కడుతున్న మనిషి. ఆ బాధ నాకు తెలుసు.

అమ్మకాలు బ్రోకరేజి మాత్రమే, విడి ఖాతాతో. వర్క్‌షాపులో తారు పని, రేకులు మార్చడం, ఆనోడ్లు. కరెంటు తీసుకునే ప్రతి పడవకీ ఐసోలేటరు తప్పనిసరి అని కొత్త ఒప్పందంలో పెడుతున్నాను. ముందుగా కట్టిన డబ్బు అయిపోతే కరెంటు ఆగేముందు ఓనరుకి ఫోన్ సందేశం వెళ్లేలా మీటర్లు మార్చాలి. మాంచెస్టర్ ఆయన పడవ చూశాక అది ముందు పని. ఇళ్లుగా ఉండేవాళ్లకి కౌన్సిల్ అనుమతించిన జాగాలు పన్నెండే. వాళ్లకి ఏడాది కాదు, మూడేళ్ల కాగితం ఇద్దామనుకుంటున్నాను. చెల్లెమ్మా, అందులో ఏం ఉండాలో నువ్వు చూసి చెప్పాలి.

షెడ్డు వెనక మూలలో ఒక్క పడవకి సరిపడా చోటు వదిలాను. ఉక్కు కొనడానికి ఒక ఏడాది పడుతుంది. పడనివ్వండి.


తేలేఇల్లు
శుక్రవారం రాత్రి 11:00

ఆ కాయితం పంపు అన్నా, చూస్త. నోటీసు ఎన్ని నెలలు, జాగ మార్చాలంటే ఎవరు అడగాలె, ఉత్తరాలు మెరీనా అడ్రసుకు వస్తయా, డాక్టరు దగ్గర పేరు రాయించుకునేటప్పుడు ఆ అడ్రసు చెల్లుతదా... ఇవి ముందుగాల రాయి. కిరాయి పెంచుడు సంగతి తర్వాత.


లెస్టర్‌పద్దులు
శనివారం ఉదయం 8:10

లీజు నకలు సంతకానికి ముందు నాకు కూడా పంపండి. పూడిక మాట నోటితో ఒప్పుకున్నది సరిపోదు, ఎంత లోతు ఉండాలో అడుగుల్లో రాయించండి.


నర్సాపురంసరంగు
శనివారం ఉదయం 9:00

అబ్బాయీ, మే నెలలో మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాను. ఆ తాడు గాడులు చూపించు. కుదిరితే ఒక్క లాకు దాటేదాకా చుక్కాని నా చేతికివ్వు.


కాలువగట్టు
శనివారం ఉదయం 9:25

బాబాయి గారూ, తప్పకుండా. మే మొదటి వారంలో రండి, అప్పటికి మొదటి తారు పనులు అయిపోయి వర్క్‌షాపు పడవ ఖాళీగా ఉంటుంది. ఇక్కడ గంటకి నాలుగు మైళ్లే, మీకు కొత్తగా ఏమీ ఉండదు. లాకులో కిందకి దిగేటప్పుడు మాత్రం వెనక తలుపుల దగ్గర నీళ్ల కింద గడప ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ పడవ వెనక భాగం దానిమీద కూర్చుంటే ముందు భాగం మునిగిపోతుంది. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, దానికి ముందే ఉండేలా చూసుకుంటే చాలు. చెప్పులు వద్దండీ, లాకు పక్కన రాళ్లు నాచు పట్టి జారతాయి. బూట్లు వేసుకుని రండి.